మూల మడిచిన అట్ట

హోసూరు పక్కన జూజువాడి చెక్‌పోస్టు దగ్గర మా బస్సు అరగంటగా కదలలేదు. ముందంతా లారీల వరస, పైన వాన. రోడ్డు పక్క అంగడి ఆయన ఖాళీ అట్టపెట్టెలు విప్పి, కట్టగా కట్టి బయట పెట్టుకున్నాడు. లోపలికి చేర్చుకునేలోపే అవి తడిసి ముద్దయ్యాయి. ఆ తడి అట్ట వాసన కిటికీలోంచి బస్సులోకి వచ్చింది. పక్క సీటావిడ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ ఇంకాస్త తెరిచాను. నాకు ఆ వాసన ఒక మనిషిది. ఆయన పోయి నాలుగేళ్ళవుతున్నా వాన పడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది.

ఆయన పేరు పద్మనాభ శెట్టి. అందరూ శెట్టి సార్ అనేవారు. కృష్ణగిరి దాటి బర్గూరు వైపు వెళ్ళే దారిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. అందులో విరాళాల విభాగానికి ఆయన అధికారి. విశ్వవిద్యాలయానికి అలాంటి విభాగం ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. పెళ్ళయ్యాక ఒంగోలు నుంచి వచ్చాను. మా ఆయనకు హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎంబీఏ చదివానన్న గీర నాకు ముక్కు మీద ఉండేది. నాకు ఉద్యోగం దొరికింది మాత్రం ఆ విభాగంలో. ఫీజులతో తీరని ఖర్చుల కోసం, హాస్టలు బిల్లు కట్టుకోలేని పిల్లల కోసం, అక్కడ చదువుకుని వెళ్ళినవాళ్ళను ఏటేటా అడిగి తెప్పించే పని అది. చందాలు అడుక్కునే ఉద్యోగమా అని మా అత్తగారు మూతి విరిచింది. నిజం చెప్పాలంటే నేనూ లోలోపల అదే అనుకున్నాను.

మొదటి రోజు సార్ నన్ను కూర్చోమని కూడా అనలేదు. మోకాళ్ళ మీద చెక్క ట్రే ఒకటి పెట్టుకుని అందులోని అట్టముక్కలు సర్దుకుంటున్నారు. హోసూరులో వాళ్ళన్నదమ్ములది బట్టల అంగడి. చొక్కాల డబ్బాల అట్టలను అరచేతి సైజుకు కత్తిరించి తెచ్చుకునేవారు. చదివి వెళ్ళిన ఒక్కొక్కరికి ఒక్కో అట్ట.

"ఎప్పుడన్నా ఎవురినన్నా అడిగినావా అమ్మా?" అన్నారు తలెత్తకుండానే.

"లేదు సార్. కానీ మార్కెటింగ్ చదివాను."

"సదివితే వచ్చేది కాదమ్మా ఇది. మొదట నీకుండే సిగ్గు పోవల్ల. ఆమీద ఇంకో సిగ్గు రావల్ల. ఆ రెండోది వచ్చినాకనే నువ్వు ఈ పనికి ఒదుగుతావు."

ముసలాయన ఏదో వేదాంతం చెబుతున్నాడనుకుని తలూపాను. ఆ రెండో సిగ్గు ఏమిటో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తెలిసిన తీరు మాత్రం శత్రువుకు కూడా వద్దు.

మా పని ఏడాది పొడుగునా సాగేది. నిరుడు ఇచ్చినవాళ్ళు ఒక ట్రేలో, ఒకప్పుడు ఇచ్చి మానేసినవాళ్ళు ఇంకో ట్రేలో, ఇంతవరకూ ఇవ్వనివాళ్ళు మూడో దాంట్లో ఉండేవారు. ఆగస్టు మా ఫోన్ల నెల. సెమినార్ గదిలో బల్లలు వేసి, హాస్టలు పిల్లల్ని సాయంకాలాలు కూర్చోబెట్టి, పాతవాళ్ళకు ఫోన్లు చేయించేవాళ్ళం. వేడి వేడి బోండాలు, టీ ఉండేవి కాబట్టి పిల్లలు పోటీపడి వచ్చేవారు. సార్ వెనక నిలబడి వినేవారు. ఫోను నాలుగుసార్లు మోగగానే పెట్టేయబోతే ఊరుకునేవారు కాదు. "ఉండప్పా, ముసలోళ్ళు పెరట్లోనుంచి రావల్ల కదా" అనేవారు. ఎత్తినవాళ్ళను ముందు వాళ్ళ బాగోగులు అడగాలి, వాళ్ళ కాలంలో హాస్టలు సాంబారు ఎట్లుండేదో అడగాలి. అసలు విషయం అన్నిటికన్నా చివర. ఇచ్చినవాళ్ళకు ఆ సాయంతో చదువుతున్న పిల్లే చేత్తో జాబు రాయాలి. ఆ జాబు చేరకుండా మరుసటి ఏడు అడగడానికి వీల్లేదు. అట్టల మీద ఆయన పెన్సిలుతో రాసుకునేవి కూడా ఎవరెంత ఇచ్చారన్నది కాదు. 'అమ్మకు మోకాళ్ళ నొప్పి.' 'చెల్లెలి పెళ్ళి కుదిరింది.' 'ఇల్లు మారినారు, కొత్త ఇంట్లో నీళ్ళ కష్టం.' ఇవన్నీ దేనికని నాకు నవ్వొచ్చేది.

కొన్ని అట్టలకు కుడి పక్క పై మూల మడిచి ఉండేది. అది ఎందుకో ఆయన నా ఎదురుగానే ఒక అట్ట మడుస్తూ చెప్పారు. ఆ ఉదయమే పాత విద్యార్థి ఒకరు ఫోన్ చేసి, తన బ్యాచ్‌మేట్ ఒకాయన కొడుకు పోయాడని చెప్పారు.

"ఈ ఇంటికి ఇంక ఫోన్ పోరాదు, జాబు పోరాదు. వాళ్ళుగా ఇస్తే తీసుకుంటాము. మనం నోరు తెరిచేది లేదు. మా నాయన హోసూరు తేరు చందాకు పెద్ద. సావు జరిగిన ఇంటి గడప ఆ ఏడు తొక్కేవాడు కాదు. చీటీ మూల మడిచి జేబులో పెట్టుకునేవాడు."

"అయితే ఒక ఏడాదేనా సార్?"

"మా నాయనకు ఏడాది. నాకు లెక్క లేదు. బిడ్డ పోయినోళ్ళకు ఏడాదితో ఏమవుతుందమ్మా?" అని ట్రేలోంచి ఇంకో అట్ట తీసి చూపించారు. "ఇది చూడు, మల్లిక. ఊత్తంగరై పక్క పల్లె. మన కాడ ఇంజినీరింగ్ చేసింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే జొరమొచ్చి పోయింది. వాళ్ళ నాయన వెంకటప్ప ఏటేటా దాని పేరు మీద పంపిస్తాడు. నేను ఒగసారి పోయి, మజ్జిగ తాగి వస్తాను. డబ్బు మాట ఎత్తను. ఆయప్పా ఎత్తడు. ఈ పనిలో ఏం తప్పు చేసినా సరిచేసుకోవచ్చు. సావు ఇంటికి పోయి, సచ్చిన బిడ్డ పేరు పెట్టి చెయ్యి చాపేది మాత్రం చేయరాదు."

ఇంత విడమరిచి చెప్పించుకున్నదాన్ని నేను. నాకు తెలియక జరిగిందని చెప్పుకునే దారి లేదు.

రెండో ఏడు కొత్త రిజిస్ట్రార్ వచ్చారు. ఆయన మా గదికి వచ్చి ట్రేలు చూసి, "ఇది విశ్వవిద్యాలయమా, బట్టల కొట్టా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆగస్టులోగా మొత్తం కంప్యూటరుకెక్కాలి, ఎవరికి ఎప్పుడు ఫోన్ వెళ్ళాలో, ఎవరికి జాబు వెళ్ళాలో అదే నిర్ణయించాలి, ఈ ఏడు ఎక్కడైనా తేడా వస్తే విభాగాన్ని మూసి బెంగళూరు కంపెనీకి పని అప్పగిస్తానని తేల్చి చెప్పారు. సార్ పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుంది. తన కోసం కాకపోయినా ఆ ట్రేల కోసం ఆయన బతిమాలతారనుకున్నాను.  మరునాడు ట్రేలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"నాకు కంప్యూటర్ రాదమ్మా. నీ చేతిలో పెడతా ఉండాను" అన్నారు.

ఆ జూలైలో వానలు విపరీతం. పైకప్పు కారి ట్రేలలోకి నీళ్ళు దిగాయి. అట్టలు ఉబ్బి వంకర్లు తిరిగాయి. గదంతా ఆ వాసనే. అద్దెకు తెచ్చిన స్కానరు వంకర అట్టను మింగలేక మూడు నిమిషాలకొకసారి మొరాయించేది. అన్నిటికన్నా ఎక్కువగా అది మూల మడిచిన వాటి దగ్గరే ఇరుక్కునేది. గడువు ముంచుకొస్తోంది. నాకు చిరాకు నషాళానికి అంటింది. "మడతలన్నీ విప్పి, డిక్షనరీలు బరువు పెట్టండి" అని మా టైపిస్టులకు చెప్పాను. చెప్పేటప్పుడే గుర్తుంది, మూల మడిచినవాటిని ముందుగా వేరే రాసి పెట్టుకోవాలని. ఈ ట్రే కానీ, సాయంత్రం రాసుకుందాం అనుకున్నాను. సాయంత్రానికి అన్ని ట్రేలూ అయిపోయాయి. అట్టలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునుగా, ఒకే తీరుగా ఉన్నాయి. నేను మరిచిపోయాను. అంతే. రిజిస్ట్రార్ గారు వచ్చి శభాష్ అంటే మొహం వెలిగిపోయింది కూడా.

ఆగస్టు రెండో వారంలో కావ్య అనే పిల్ల నవ్వుకుంటూ నా దగ్గరకు వచ్చింది. సేలం వైపు పిల్ల, మా దగ్గర రెండో సంవత్సరం చదివేది.

"మేడమ్, ఒక అక్కకు మూడుసార్లు చేసినాను. ఎప్పుడు చేసినా పొలంలోనే ఉంటుందంట. వాళ్ళమ్మ మాత్రం ఎంత బాగా మాట్లాడుతుందో! నేను తిన్నానా లేదా అని కూడా అడుగుతుంది. మళ్ళీ చెయ్యమ్మా, అది ఇంట్లో ఉన్నప్పుడు చెయ్యి అంటుంది."

కంప్యూటరులో చూశాను. మొదటిసారి చేసినప్పుడు 'మనిషి లేరు, మళ్ళీ చేయాలి' అని కావ్య నొక్కింది. అది బుద్ధిగా రెండు రోజులకొకసారి ఆ నంబరును ముందుకు తెస్తూ వచ్చింది. పైన పేరు మల్లిక. ఊరు ఊత్తంగరై.

 కావ్య ఇంకా ఏదో చెబుతోంది, నాకు వినబడలేదు. సార్ గదిలోకి ఎట్లా నడిచానో తెలియదు. ఆయన అరుస్తారనే అనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. చెప్పిందంతా విని, మల్లిక అట్ట తెమ్మన్నారు. తెచ్చి ఇచ్చాను. పై మూలలో సన్నటి గీత మిగిలి ఉంది. దాని మీదే మెల్లిగా మళ్ళీ మడిచారు.

"ఎన్ని తూర్లు చేసినారు?"

"మూడు సార్లు."

"ఇట్లాటివి ఇంకా ఎన్ని పోయినాయి?"

"తెలియదు సార్."

ఆయన లేచి సెమినార్ గదిలోకి వెళ్ళి ఫోన్లన్నీ ఆపించారు. మరునాడు పొద్దున పిల్లలూ మేమూ కిటికీల దగ్గర కూర్చుని, ఒక్కొక్క అట్టనూ వెలుతురుకు ఏటవాలుగా పట్టి, మడత గీత కోసం వెతికాము. కొన్నిటికి దొరికింది. నీళ్ళకు బాగా నానినవాటికి గీత కూడా మిగల్లేదు. వాటిని సార్ చేతిలో పెట్టుకుని, పేరు చూసి, కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్నారు. ఎన్ని గుర్తుకొచ్చాయో, ఎన్ని రాలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాతి రోజు ఇద్దరం ఊత్తంగరై బస్సెక్కాము.  బస్సు దిగి మామిడితోటల పక్కన మైలు దూరం నడిచాము. ఇంటి ముందర తాయమ్మ చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. మల్లిక తల్లి. వెంకటప్ప వసారాలో నార పాయలు కలిపి తాడు పేనుతున్నాడు. సార్ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అరవై దగ్గరపడ్డ మనిషి, తప్పు చేసిన పిల్లాడిలాగా.

"తాయమ్మా, మా కాడ తప్పు జరిగిపోయింది. ఆ ఫోన్లు రాకూడదు. ఎట్ల వచ్చినాయని చెప్పేదానికి నాకు మొగం లేదు."

నేను చేశానమ్మా అని చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

తాయమ్మ చాటను పక్కకు జరిపింది. "ఏం తప్పు సారూ? ఆరేండ్లాయ. ఈ ఊర్లో దాని పేరు ఎవురూ ఎత్తరు. నాకు బాదవుతుందని. దో, ఈయప్పా ఎత్తడు. ఆ పాప ఫోన్ జేసి, మల్లికక్క ఉందా అన్నింది. లేదు అనేదానికి నా నోరు రాలేదు. పొలంకాడికి పోయిందమ్మా అన్నాను. అట్ల అన్నాక ఆ పొద్దంతా అది పొలంకాడ ఉన్నట్టే ఉండింది సారూ. సందేళకు అన్నం ఎక్కువ వండేసినాను."

వెంకటప్ప తాడు వదిలేసి, మొహం అటు తిప్పుకున్నాడు. ఆ ఫోన్ల సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదని నాకు అర్థమైంది.

"ఏడాదికి ఒగసారన్నా అడగమని చెప్పు సారూ" అంది తాయమ్మ. "డబ్బు ఆయన పంపిస్తాడు, దానికి కాదు. సుమ్మనే, ఊరికే అడగమను. ఉందా అని."

సార్ తలూపారు. ఆమె తెచ్చి ఇచ్చిన మజ్జిగ చివరి చుక్కదాకా తాగి లేచారు.

తిరుగు బస్సులో నా గుండె బరువు కొంత దిగినట్టయింది. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. "అయితే జరిగింది మంచికేనేమో సార్" అన్నాను.

నాతో ఆయన గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. "తప్పు తప్పేనమ్మా! ఆమె దాన్ని మంచి చేసుకునింది. అది ఆమె పెద్దతనం. దాంట్లో మనకు బాగం లేదు."

నేను తల దించుకున్నాను. సార్ కృష్ణగిరి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, దిగేముందు మెల్లగా అన్నారు. "ఆ ఫోన్ మిషన్ చెప్తే చేసేది కాదు. మనిషి చేయల్ల. అంతా తెలిసి చేయల్ల. నేను చేస్తాలే."

అన్ని ఇళ్ళూ తాయమ్మ ఇల్లు కావు. భర్త పోయి మూడు నెలలు కాని ఒకావిడ, ఆయన పేరు మీద వచ్చిన జాబును చించి, ఆ ముక్కలే కవర్లో పెట్టి రిజిస్ట్రార్‌కు పంపింది. ఫోన్లు ఆపేయడంతో ఆ ఏడు పిల్లలకు అందాల్సిన సాయం కూడా తగ్గింది. సమావేశం పెట్టారు. ఇది ఎవరి పని అని అడిగారు. సార్ లేచి నిలబడి, "మడతల సంగతి నేనీ అమ్మాయికి చెప్పలేదు. తప్పు నాది" అన్నారు. నా ఎదురుగానే, నా కోసం, ఆయన జీవితంలో బహుశా మొదటి అబద్ధం. ఆ వారమే మా ఆయన కాంట్రాక్టు పొడిగించబోమని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పారు. ఇంట్లో నా జీతం ఒక్కటే మిగిలింది. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. నేను నోరు మెదపలేదు. బల్ల మీద నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన్ను నెలలోపే పంపించేశారు. వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు. ట్రేలను స్టోర్ రూములో పడేశారు. విభాగం బెంగళూరు కంపెనీకి పోయింది, నన్ను పరీక్షల విభాగానికి మార్చారు. ఆయన ఖాళీ చేసి వెళ్ళే రోజు నేను సెలవు పెట్టాను. ఎదురుపడడానికి మొహం చెల్లలేదు.

రెండేళ్ళ తర్వాత హోసూరులో వాళ్ళ అంగడి పైనున్న ఇంటికి వెళ్ళాను. గొంతుకు ఆపరేషన్ అయిందని ఎవరో చెప్పారు. మనిషి సగమయ్యాడు. మాట గాలిలాగా వస్తోంది. నేను కూర్చోకముందే ఏడ్చేశాను. "ఇప్పుడైనా వెళ్ళి నిజం చెబుతాను సార్" అన్నాను.

"ఎవురికి చెప్తావు? ఆ రిజిస్ట్రారే మారిపోయినాడు" అని నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక, "ఏడవద్దమ్మా. నీకు రెండో సిగ్గు వచ్చింది. దాన్ని పోగొట్టుకోవద్దు, దాంతోనే పని చెయ్యి" అన్నారు. తర్వాత తలగడ కింద నుంచి ఒక కాగితం తీసిచ్చారు. తాయమ్మ నంబరు. "నా గొంతు వినబడదు. ఈ ఏడు నువ్వు చెయ్యి."

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను. ఆయన మంచితనం గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. చెప్పాల్సిన ఒక్క మాట నా దగ్గరే ఉంది. దహనం అయిపోయేదాకా ఆ మాట నా గొంతులోంచి రాలేదు.

ఇప్పుడు నేను వేరే విద్యాసంస్థలో మళ్ళీ ఈ విరాళాల పనే చేస్తున్నాను. అడగకూడని ఇళ్ళ జాబితా నా చేత్తో రాసేదాకా ఒక్క ఫోను కూడా వెళ్ళనివ్వను. నా కింద పనిచేసేవాళ్ళు వెనక చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున, నా సొంత ఫోను నుంచి, ఊత్తంగరైకి చేస్తాను. "మల్లిక ఉందా అమ్మా?" అంటాను. "పొలంకాడికి పోయిందమ్మా" అంటుంది తాయమ్మ. ఆ ఏడు మల్లిక ఏం నాటిందో, ఎంత నల్లబడిందో కూడా ఒక్కోసారి చెబుతుంది. ఇద్దరం కాసేపు అట్లా మాట్లాడుకుని పెట్టేస్తాము.

మొన్న ఆదివారం చేసినప్పుడు ఫోను చాలాసేపు మోగింది. చివరికి ఎత్తింది తాయమ్మ కాదు, వెంకటప్ప. ఆయన ఎప్పుడూ ఎత్తడు. పెట్టేద్దామా అనుకుని, అయినా అడిగాను.

"మల్లిక ఉందా నాయనా?"

 అటు వైపు ఊపిరి వినబడింది. ఆరేళ్ళు, ఆమీద ఇంకో ఆరేళ్ళు నోట రానివ్వని పేరు అది ఆయనకు.

"మల్లిక... పొలంకాడికి పోయిందమ్మా" అన్నాడు. తర్వాత, "పోయిన నెల వాళ్ళమ్మా పోయింది. ఇద్దరూ ఆడనే ఉండారు."

 శెట్టి సార్ అయితే ఏమనేవారో తెలియలేదు. ఆయన ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నాను.

"అమ్మా, ఉండావా?" అన్నాడు వెంకటప్ప.

"ఉన్నాను నాయనా."

"వచ్చే ఏడు జేసినప్పుడు ఇద్దరినీ అడుగు."